పారామెడికల్ ఉద్యోగానికి దరఖాస్తు: ముక్త్యాలలో ఒక సంవాదం

ప్రజారోగ్య సేవలో పారామెడికల్ ఉద్యోగం అనే మాటకు తెలుగునాట వాడుకలో ఉన్న అర్థం వేరు, బయటి దేశాల్లో ఉన్న అర్థం వేరు. బ్రిటన్‌లో పారామెడిక్ అంటే అంబులెన్సులో వచ్చి ప్రాణం నిలబెట్టే మనిషి. ఆరోగ్య వృత్తులవారిని నమోదు చేసే హెచ్‌సీపీసీ రిజిస్టరులో పేరు లేనివారు ఆ మాటను తమ పేరు పక్కన పెట్టుకుంటే అక్కడ నేరం. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి కార్యాలయం నుంచి 'పారామెడికల్ పోస్టులు' అని నోటిఫికేషన్ పడితే అందులో ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు, రేడియోగ్రాఫరు వంటివారు ఉంటారు. అంబులెన్సులో వచ్చే మనిషి ఉండడు. అతన్ని ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్) అంటారు. అతను 108 వాహనాలను నడపడానికి ప్రభుత్వం ఎవరికి టెండరు ఇస్తే వారి దగ్గర జీతం తీసుకునే ఉద్యోగి. దరఖాస్తు పెట్టేవారు ముందుగా తెలుసుకోవలసిన తేడా ఇదే.

కృష్ణ ఒడ్డున ఉన్న ముక్త్యాల జగ్గయ్యపేట మండలంలోని ఊరు. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లాను విడదీశాక జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతమంతా ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. ఈ మెరకలో మిర్చి, పత్తి పండించే ఇళ్ళ పిల్లలు చాలామంది ల్యాబ్ టెక్నీషియన్ చదువులైన డీఎంఎల్‌టీ, బీఎస్సీ ఎంఎల్‌టీ, లేదా నర్సింగ్ చదువుతున్నారు. చదువు అయ్యాక ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నది ప్రతి ఇంట్లోనూ వచ్చే తగువే. ఇక్కడి సంవాదంలో ఒకరు జిల్లా వైద్య ఆరోగ్య కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ చూసి రిటైరైన మేనమామ. రెండోవారు హైవే మీద 108లో ఈఎంటీగా పనిచేస్తున్న మేనల్లుడు. ఇద్దరి మధ్యా నవారు మంచం మీద పరిచిన కాగితాలు బీఎస్సీ ఎంఎల్‌టీ పాసైన అమ్మాయివి. ఆమె ఒకరికి మేనకోడలు, మరొకరికి చెల్లెలు.

మేనల్లుడు: నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు మావయ్యా. చెల్లిని ఇంట్లో కూర్చోబెట్టడం ఎందుకు? 108లో ఈఎంటీలను తీసుకుంటున్నప్పుడు సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్తే సరిపోతుంది. లైఫ్ సైన్సెస్ డిగ్రీ, నర్సింగ్, ఫార్మసీ, ఏది చదివినా తీసుకుంటారు. సుమారు రెండు నెలలు ట్రైనింగు ఇస్తారు. ఆ తర్వాత బండి ఎక్కడమే.

మేనమామ: ఎక్కడం తేలికేరా. నీ కింద బండి ఎవరిదన్నదే నా మాట. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఈఎంఆర్‌ఐ పేరుతో 108 మొదలైంది. 2009లో జీవీకే చేతికి పోయింది. 2017 చివర బీవీజీ వచ్చింది. 2020లో అరబిందో వచ్చింది. 2025లో మళ్ళీ టెండర్లు పిలిచారు. నంబరు మారలేదు, సైరను మారలేదు. లోపల కూర్చున్నవాడి యజమాని మాత్రం ఇన్నిసార్లు మారాడు. యజమాని మారిన ప్రతిసారీ పాత సర్వీసు లెక్క ఎవరు రాస్తారో అడిగి చూడు.

మేనల్లుడు: పని మారలేదు కదా. జనానికి కావలసింది ఆ పనే. 2020 జూలై 1న బెజవాడ బెంజి సర్కిల్‌లో కొత్త బళ్ళు బారులు తీరి కదిలినప్పుడు నువ్వూ టీవీలో చూశావు. అప్పుడు 108కి కొన్న కొత్త బళ్ళు 412. అందులో ప్రాథమిక సదుపాయాలవి 282, వెంటిలేటరు దాకా ఉన్నవి 104, పసిబిడ్డల కోసం ప్రత్యేకంగా చేయించినవి 26. వాటిలో ప్రతి షిఫ్టుకూ ఒక ఈఎంటీ, బండి నడిపే ఒక పైలటు ఉండాల్సిందే. ఇదంతా ప్రభుత్వ డబ్బే. మరి ప్రభుత్వ ఉద్యోగం కాదంటావేంటి?

మేనమామ: డబ్బు ప్రభుత్వానిది, నియామకపు ఉత్తర్వు ప్రభుత్వానిది కాదు. ఇందులో మూడు మెట్లున్నాయి, విను. మొదటిది రెగ్యులర్ పోస్టు. రెండోది కాంట్రాక్టు. జిల్లా కమిటీ మెరిట్ చూసి, రిజర్వేషన్ రోస్టరు పాటించి తీసుకుంటుంది. ఏడాదికోసారి పొడిగిస్తారు. మూడోది ఔట్‌సోర్సింగ్. 2020లో దాని జీతాలకు ఆప్కాస్ అని కార్పొరేషన్ పెట్టారు. నువ్వు ఈ మూడింటికీ అవతల, టెండరు పాడుకున్న సంస్థలో ఉన్నావు. 2023లో కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించే చట్టం చేశారు. 2014 జూన్ 2 నాటికి పనిలో ఉన్న కాంట్రాక్టువాళ్ళకే అది. ఔట్‌సోర్సింగ్ వాళ్ళకు లేదు, 108 వాళ్ళకు లేదు. ఆ చట్టంలో నీ పేరు లేదని నేను సంతోషంగా చెప్పట్లేదురా అబ్బాయ్.

మేనల్లుడు ఈ మాటను కాదనలేదు. అతని వాదన ఉద్యోగ భద్రతది కాదు, పని విలువది. ఆ విలువ తెలియాలంటే 65వ నంబరు జాతీయ రహదారిని చూడాలి. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే ఈ దారి గరికపాడు దగ్గర ఆంధ్రలోకి దిగి చిల్లకల్లు, నందిగామ, కీసర, కంచికచర్ల మీదుగా సాగుతుంది. జగ్గయ్యపేట నుంచి విజయవాడ పెద్దాసుపత్రికి డెబ్భై కిలోమీటర్ల పైమాటే. దెబ్బ తగిలిన మనిషికి ఆ దూరమంతా తోడుండేది ఈఎంటీ ఒక్కడే.

మేనల్లుడు: రాత్రి రెండింటికి ఫోనొస్తుంది. వెళ్ళేసరికి మనిషి బైకుకు నాలుగు గజాల అవతల పడి ఉంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ముందుగా చేసే పని కూర్చోబెట్టి నీళ్ళు తాగించడం. దాన్ని ఆపాలి. మెడకు కాలర్ వేయాలి. తల కదలకుండా ఒకరు పట్టుకుంటే ఒక్కసారిగా పక్కకు దొర్లించి బోర్డు కిందికి తోయాలి. నోట్లో రక్తం ఉంటే సక్షన్‌తో లాగాలి. బండి కదిలాక బీపీ, పల్స్, ఆక్సిజన్ శాతం చూసి కాల్ సెంటరులో ఉన్న డాక్టరుకు చెబితే ఆయన ఏ మందు ఎంత ఎక్కించాలో చెబుతాడు. ఊగే బండిలో సూది దించడం ఏ కాలేజీలోనూ నేర్పరు మావయ్యా. ఇంక కాన్పులు. ఆసుపత్రి దాకా ఆగలేని తల్లి ఉంటుంది. బండి రోడ్డు వారన ఆపించి, బొడ్డుతాడుకు రెండు చోట్ల క్లాంపులు పెట్టి మధ్యలో కోసి, బిడ్డను పొడిబట్టతో తుడిచి తల్లి గుండెల మీద పెట్టాలి. బిడ్డ ఏడ్చేదాకా మనకు ఊపిరి ఆడదు. ఈ పని చేసిన చేతికి ఏ ఆసుపత్రిలోనైనా విలువ ఉంటుంది.

మేనమామ: విలువ ఉంటుంది. మార్కులు ఉంటాయా అన్నది వేరే మాట. జిల్లా మెరిట్ లిస్టు ఎలా కట్టేవాళ్ళమో చెబుతాను. మొత్తం వంద. చదువులో వచ్చిన మార్కుల శాతానికి 75. పాసై ఎన్నేళ్ళయితే ఏడాదికొక మార్కు, పదికి మించకుండా. మిగతా 15 కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు. ఆరు నెలలకు గిరిజన ప్రాంతంలో రెండున్నర, పల్లెలో రెండు, పట్నంలో ఒకటి. కోవిడ్ రోజుల్లో పనిచేసినవాళ్ళకూ వెయిటేజీ ఇచ్చారు. ఇప్పుడు లెక్క కట్టు. ఒకమ్మాయికి 82 శాతం వచ్చింది, నిన్నగాక మొన్న పాసైంది. ఆమెకు 61.5. ఇంకో అమ్మాయికి 70 శాతమే. కానీ పాసై నాలుగేళ్ళు, పల్లె ఆసుపత్రిలో రెండేళ్ళ కాంట్రాక్టు. 52.5కి నాలుగు, ఎనిమిది కలిపితే 64.5. ఉద్యోగం రెండో అమ్మాయిది.

మేనల్లుడు: మరి నా సర్వీసు?

మేనమామ: నిన్ను నియమించిన అధికారి ఎవరు, నీ సర్వీసు సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిది, అన్నదాన్ని బట్టి ఉంటుంది. నోటిఫికేషన్‌లో వెయిటేజీ పేరా అక్షరం అక్షరం చదవాలి. ప్రైవేటు ల్యాబులో పదేళ్ళు చేసినా ఆ పదిహేనులో సున్నాయే. ఇక్కడి సిమెంటు ఫ్యాక్టరీల్లో అంబులెన్సు గదులుంటాయి. ఐదు వందల మందికి పైగా పనిచేసే చోట అవి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. అక్కడి ఉద్యోగం మంచిదే, జీతం వేళకు వస్తుంది. సర్కారు లెక్కలో మాత్రం అదీ సున్నాయే.

మేనల్లుడు: అసలు ఈ పద్ధతే సరికాదంటాను. కాలేజీకో రకంగా మార్కులు వేస్తారు. ఒక కాలేజీలో 85 తెచ్చుకున్నవాడికి రక్తం ఏ ట్యూబులో తీయాలో తెలియదు, ఇంకో కాలేజీలో కష్టపడి 65 తెచ్చుకున్నవాడికి అన్నీ తెలుసు. తెలంగాణ చూడు. 2024లో 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు మెడికల్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు రాత పరీక్ష పెట్టింది. 80 మార్కులు పరీక్షకు, 20 సర్వీసుకు. అందరికీ ఒకటే ప్రశ్నపత్రం. అదీ న్యాయం.

మేనమామ: పరీక్ష అంటే కోచింగు. కోచింగు అంటే హాస్టలు ఫీజు. పీహెచ్‌సీలో పగలంతా మలేరియా స్లైడ్లు చూసి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించే ఆడపిల్ల, ఉద్యోగం మానేసి ఆరు నెలలు గదిలో కూర్చుని చదివేవాడితో పోటీపడాలా?

మేనల్లుడు: అందుకే కదా ఆ ఇరవై పెట్టింది. స్లైడ్లు చూసినందుకు ఇరవై, విషయం తెలిసినందుకు ఎనభై. ఇక్కడ మాత్రం డిగ్రీ మెమో మీద అచ్చయిన అంకె జన్మంతా వెంటాడుతుంది. ఇరవై ఏళ్ళప్పుడు ఒక సబ్జెక్టు తప్పినవాడికి ముప్పై ఏళ్ళప్పుడు కూడా అదే శిక్షా?

దీనికి మేనమామ దగ్గర జవాబు లేదు. ఈ ఒక్క విషయంలో మేనల్లుడి మాటే నిలుస్తుంది. వేర్వేరు కాలేజీలు వేసిన మార్కులను ఒకే తక్కెడలో తూచడం జిల్లా పద్ధతిలోని పెద్ద లోపం. నియామకం త్వరగా తేలుతుందన్న ఒక్క సౌకర్యం దాన్ని కప్పిపుచ్చలేదు.

పద్ధతి మారేదాకా ఉన్న పద్ధతిలోనే దరఖాస్తు పెట్టాలి కనుక మాట కాగితాల మీదికి మళ్ళింది. సరిహద్దు ఊళ్ళవారికి అసలు చిక్కు వచ్చేది ఇక్కడే.

మేనమామ: దీని నాలుగో తరగతి నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు ఏవిరా?

మేనల్లుడు: పదో తరగతి మెమో ఉందిగా. చాలదా?

మేనమామ: అది పుట్టినతేదీకి. స్థానికతకు ఏడేళ్ళ స్టడీ కావాలి. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం పది రాసిన ఏడాదితో ముగిసే నాలుగేళ్ళు వరుసగా ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకు లోకల్. అలా కుదరకపోతే ఆ ఏడేళ్ళలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. ఈ నియామకాలకు పాత ఉమ్మడి కృష్ణా జిల్లానే యూనిట్‌గా తీసుకుంటూ వచ్చారు. బందరులో చదివినా, బెజవాడలో చదివినా మన లోకలే. కానీ మన పేట పిల్లల్ని ఎంతమందిని కోదాడ స్కూళ్ళలో, ఖమ్మం హాస్టళ్ళలో వేశారో చూడు. గంటలో పోయే దూరమని వేశారు. 2014 జూన్ 2న అది వేరే రాష్ట్రమైంది. ఇల్లు ముక్త్యాలలో, పొలం ముక్త్యాలలో, ఓటు ముక్త్యాలలో. లిస్టులో మాత్రం నాన్-లోకల్. ఏటికి అవతలి ఒడ్డున చదివినా అంతే, అది గుంటూరు జిల్లా లెక్క.

మేనల్లుడు: తెలంగాణ నుంచి వచ్చినవాళ్ళకు లోకల్ ఇచ్చారు కదా?

మేనమామ: ఇచ్చారు. 2016లో రాష్ట్రపతి ఉత్తర్వులు సవరించి, గడువు పొడిగించుకుంటూ 2024 జూన్ 2 దాకా తెచ్చారు. అది అక్కణ్ణుంచి కాపురం మార్చుకుని వచ్చినవాళ్ళకు. ఇక్కడే పుట్టి, ఇక్కడే ఉండి, బడికి మాత్రం అక్కడికి వెళ్ళిన పిల్లకు ఏం చెబుతావు? నా సర్వీసులో ఈ ఒక్క కారణంతో కళ్ళనీళ్ళతో వెనక్కి వెళ్ళిన పిల్లల్ని చూశాను.

మేనల్లుడు: ఈ సరిహద్దు సంగతి మాకూ తెలుసు. 2021 మే నెలలో కోవిడ్ పేషెంట్లతో హైదరాబాదు వెళ్ళే అంబులెన్సులను గరికపాడు దాటగానే తెలంగాణ పోలీసులు ఆపారు. ఆసుపత్రిలో బెడ్ ఉందని చీటీ చూపిస్తేనే వదిలారు. లోపల ఆక్సిజన్ అయిపోతుంటే బయట కాగితం అడిగారు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వు మీద స్టే ఇచ్చాక గాని దారి తెరుచుకోలేదు.

మేనమామ: అందుకే కాగితం ముందే సిద్ధంగా ఉండాలంటాను. మన ఊరి రాజాగారు వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ నాగార్జునసాగర్ కోసం సర్వే లెక్కలు చేత పట్టుకునే ఢిల్లీ దాకా తిరిగారు. ఆధారాలు లేకుండా ఉత్త నోటిమాటతో వెళ్తే ఎవరు వింటారు? బడి నడుస్తుంటే హెడ్మాస్టరు దగ్గర తీసుకోవాలి. బడి మూతపడితే రికార్డు ఎంఈఓ ఆఫీసులో వెతికించాలి. బడికి వెళ్ళకుండా ప్రైవేటుగా పది రాసినవాళ్ళు ఏడేళ్ళ నివాసానికి తహసీల్దారు సర్టిఫికెట్ తేవాలి.

మిగిలినవన్నీ మామూలువే అయినా ఒక్కటి తప్పితే దరఖాస్తు పక్కకు పోతుంది. పది, ఇంటర్ మెమోలు. డిగ్రీ లేదా డిప్లొమా అన్ని సంవత్సరాల మార్కుల మెమోలు. రాష్ట్ర పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్, దాని గడువు దాటలేదన్న రుజువు. కులం సర్టిఫికెట్, ఉంటే ఈడబ్ల్యూఎస్ లేదా సదరం సర్టిఫికెట్. వయసు సాధారణంగా 42 దాటకూడదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈడబ్ల్యూఎస్ వారికి ఐదేళ్ళు, దివ్యాంగులకు పదేళ్ళు సడలింపు ఉంటుంది. ఫీజు ఎంత, డీడీ ఎవరి పేరు మీద తీయాలన్నది నోటిఫికేషన్‌లో ఉన్నట్టే చేయాలి. జిరాక్సులన్నిటి మీదా గెజిటెడ్ అధికారి సంతకం, సీలు ఉండాలి. అప్లికేషను మీద రాసిన మార్కులు మెమోల్లో ఉన్నవాటితో అంకె అంకె సరిపోవాలి.

మేనమామ: ఆ తర్వాత ప్రొవిజనల్ మెరిట్ లిస్టు పెడతారు. అందరూ ర్యాంకు చూసుకుని ఫోను మూసేస్తారు. చూడవలసింది చివరి గడి. 'రిమార్క్స్' అని ఉంటుంది. 'స్టడీ జతచేయలేదు', 'సర్వీసు సర్టిఫికెట్ సరైన అధికారిది కాదు', 'రిజిస్ట్రేషన్ లేదు' అని అందులో రాస్తారు. అభ్యంతరాలకు కొద్ది రోజులే టైమిస్తారు. ఆ రోజుల్లో కాగితం పట్టుకుని వచ్చినవాళ్ళ మార్కులు సరిచేసిన సందర్భాలు బోలెడు. ఫైనల్ లిస్టు పడ్డాక వస్తే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు.

మేనల్లుడు: ఇన్ని చెప్పావు. లిస్టు పడకముందే మూడు లక్షలు, ఐదు లక్షలు అడిగేవాళ్ళ సంగతి చెప్పవేం?

మేనమామ: చెబుతాను. మార్కులు, రోస్టరు తెలిసినవాడు పేపరు మీద లెక్క కడితే ఎవరికి వస్తుందో ముందే తెలిసిపోతుంది. బ్రోకరు చేసేది అదే. వచ్చేవాళ్ళ దగ్గరే డబ్బు తీసుకుని, వచ్చాక నేనే ఇప్పించానంటాడు. రానివాళ్ళ డబ్బు తిరిగిరాదు. ఒక్క రూపాయి ఇవ్వద్దు. ఎవరైనా అడిగితే ఏసీబీకి చెప్పాలి.

చివరికి మాట అంబులెన్సు మనిషి స్థానం దగ్గరికే వచ్చింది. 2021లో పార్లమెంటు జాతీయ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టం చేసింది. దాని షెడ్యూలులో ల్యాబ్, రేడియాలజీ వృత్తులతో పాటు ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టు కూడా ఉంది, పక్కన పారామెడిక్ అన్న మాటతో సహా. భారతదేశంలో ఆ పనికి చట్టంలో ఒక పేరు దక్కడం చిన్న విషయం కాదు. కానీ ఆ చట్టం ప్రకారం అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేళ్ళలో కనీసం 2,000 గంటల చదువు ఉండాలి.

మేనమామ: నీ రెండు నెలల ట్రైనింగు ఆ రెండు వేల గంటల్లో ఎంత?

మేనల్లుడు: తక్కువే. కానీ నేను బండిలో గడిపిన గంటలెన్ని? పన్నెండు గంటల షిఫ్టు. ఏడాదిలో రెండు వందల యాభై షిఫ్టులనుకున్నా మూడు వేల గంటలు. ఆ గంటలకు పరీక్ష పెట్టమను, బ్రిడ్జి కోర్సు పెట్టమను, రాస్తాను. తెలియదని తేలితే ఇంటికి పంపమను. పరీక్షే పెట్టకుండా లెక్కలోకి రాడనడం మాత్రం ఒప్పుకోను.

మేనమామ: అది న్యాయమే. ఆ పరీక్ష పెట్టేదాకా మాత్రం కోడలు పిల్లకు నా సలహా మారదు. ముందు బోర్డు రిజిస్ట్రేషన్, స్టడీ సర్టిఫికెట్లు. జిల్లా నోటిఫికేషన్ ఏది పడినా దరఖాస్తు. ఖాళీగా ఉన్నన్నాళ్ళు 108లో చేరతానంటే నేను అడ్డుపడను.

మేనల్లుడు: చేరితే మాత్రం చేరిన రోజు నుంచి అపాయింట్‌మెంట్ కాగితం, జీతం స్లిప్పులు, పీఎఫ్ నంబరు అన్నీ ఒక ఫైలులో పెట్టమంటాను. సంస్థ మారినప్పుడు నాకు అవే దొరకలేదు.

అమ్మాయి నాలుగు, ఐదు తరగతులు ముక్త్యాలలో, ఆరు నుంచి పది దాకా జగ్గయ్యపేటలో చదివింది కనుక ఆమెకు స్థానికత చిక్కు లేదు. రెండు బడుల నుంచీ సర్టిఫికెట్లు రావాలి. ఇంట్లో పారామెడికల్ చదువుతున్న పిల్లలున్నవారు నోటిఫికేషన్ పడేదాకా ఆగకుండా ఈ వేసవి సెలవులకు ముందే, హెడ్మాస్టరు బడిలో ఉన్నప్పుడే, ఆ ఏడేళ్ళ స్టడీ సర్టిఫికెట్లు తెచ్చిపెట్టుకోవాలి.